ఆరింటికి మంచె దగ్గర

కాదన్నయ్యా, నిన్న పక్కింటాయనతో నువ్వన్న మాట నాకు నచ్చలేదు. "మా ఆవిడ ఎవరి మాటా వినే రకం కాదండీ, అందుకే ఇలా అయింది" అని. ఆయన తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

లేదు, నిన్ను తప్పుపట్టడానికి రాలేదు. టీ తాగు, చల్లారిపోతోంది. ఆ మాట నీకు అందించింది నేనే కదా. ఇప్పుడు మీ అమ్మాయి కూడా అంటోంది. పొద్దున జడ వేస్తుంటే, "అమ్మకి మొండితనం కదత్తా" అంది. పదమూడేళ్ళ పిల్ల. జడ సగంలో ఆగిపోయింది నాకు.

సరే, చెప్తాను. మధ్యలో లేవకు.

మా కళ్ళజోళ్ళ షాపుకి అద్దాలు పంపే కంపెనీవాళ్ళు విదేశానికి టిక్కెట్లిచ్చారా, ఇద్దరికి, ఐదు రోజులు? నేను వద్దనుకున్నాను. మా ఆయన వదిలేసి పోయాక నాకు షాపూ ఈ ఇల్లూ తప్ప మూడో చోటు లేదు కదా. సెలవు దొరకదు, మీరిద్దరూ వెళ్ళిరండన్నావు నువ్వు. వదిన పాస్‌పోర్టు ఫోటోకి నవ్వితే, నవ్వకూడదని మళ్ళీ తీశారు. అప్పుడు నవ్వాను నేను. ఎన్ని నెలలకో.

వదిన సంగతి నీకు చెప్పాలా? పందొమ్మిదేళ్ళు బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించిన మనిషి. ముప్పై రెండు తలలు ఎక్కితే ముప్పై రెండూ దిగాలి. విమానంలోనూ అంతే. లెక్కపెట్టడానికి నేనొక్కదాన్నే దొరికాను. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చినా "ఆ, వచ్చావా" అనేది.

ఆఖరి రోజు ఆ సముద్రం ఒడ్డున పార్టీ. హోటలంతా దాని గురించే. ఇరవై వేల మంది వస్తారన్నారు. వెళ్దామన్నది నేను. అవునన్నయ్యా, నేనే. వదిన కాదు.

వెంటనే సరేనలేదు. హోటల్ కౌంటరు దగ్గరమ్మాయిని గంటసేపు అడిగింది. నీళ్ళెక్కడ లోపలికి లాగుతాయి, జెండా ఏ రంగైతే దిగకూడదు, తిరిగి రావడానికి బండి ఎక్కడ దొరుకుతుంది, అన్నీ. పాస్‌పోర్టులు లాకర్లో పెట్టించింది. హోటల్ చిరునామా రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా బట్టలకి లోపలివైపు పిన్నీసుతో గుచ్చింది. నలభై ఏళ్ళదాన్ని, పిన్నీసు గుచ్చించుకుంటూ నిలబడ్డాను. మూత మన చేత్తో తీసిన సీసా తప్ప ఇంకేదీ తాగకూడదంది. నీళ్ళలోకి మడమ దాటి దిగకూడదంది. లైఫ్‌గార్డు కూర్చునే చెక్క మంచె ఉందే, గంటగంటకీ ఇద్దరం దాని కింద కలుసుకోవాలంది. ఒకరు రాకపోతే రెండోవాళ్ళు లైఫ్‌గార్డుకి చెప్పాలి.

నువ్వనుకుంటున్నావే, ఆ జాగ్రత్తలన్నీ నేను చెప్పాననీ, ఆమె వినలేదనీ. తిరగేసి చెప్పాను నీకు.

నాలుగింటికి కలిశాం. ఐదింటికి కలిశాం. జనం అంటే మామూలు జనం కాదు, ఇసక కనబడదు. డప్పుల మోత గుండెకాయలో కొట్టినట్టుంది. ఐదున్నరకి ఎవరో ఆడవాళ్ళ గుంపు నా చెయ్యి పట్టుకుని లాగారు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు. ఆడాను. నేను. నువ్వు నమ్మవులే. ఎవడు వదిలేశాడో, ఎవడికి ఎంత పవరు అద్దం కావాలో, ఏదీ గుర్తులేదు. ఒళ్ళంతా చెమట, చెప్పులెక్కడో పోయాయి.

ఆరయింది. వాచీ చూసుకున్నాను. అవును, చూసుకున్నాను. కాసేపయ్యాక వెళ్దాంలే అనుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో ఆ లైఫ్‌గార్డు చెప్పాడు. హోటలమ్మాయి ప్రతి మాటా నాకు ఇంగ్లీషులోకి తిప్పి చెప్పింది. ఒకావిడ వచ్చి ఫోన్లో నా ఫోటో చూపించిందట. కాసేపు చూడమన్నాడట. ఐదు నిమిషాలాగి మళ్ళీ వచ్చిందట. రెండు వేళ్ళు చూపించి, ఒకటి మడిచి, చెయ్యి అటూ ఇటూ ఊపిందట. ఇద్దరం వచ్చాం, ఒకరు లేరు అని. అప్పటికే అతను అవతల మునుగుతున్నవాడెవడి కోసమో పరిగెడుతున్నాడు. ఆగమని సైగ చేసి పోయాడు.

ఆవిడ ఆగుతుందా? బస్సులో ఒక తల తగ్గితే ఆగే మనిషా?

నాదిలాంటి పసుపు చున్నీ ఒకటి నీళ్ళలో కనబడిందట. ఎవరిదో, గాలికి కొట్టుకుపోయింది. నేనే అనుకున్నట్టుంది. మోకాలి లోతు దాకా వెళ్ళి పిలిచిందని ఒడ్డునున్న ముసలావిడ చెప్పింది. ఏమని పిలిచిందో ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "చిన్నీ" అని ఉంటుంది, ఇంట్లో నన్ను పిలిచినట్టే. ఇంకో రెండడుగులు వేసిందట. అక్కడే నీళ్ళు లాగేది.

ఈలలు వినబడ్డాయి. పార్టీలో భాగమనుకున్నాను.

నువ్వు ఫోన్లో మొదట అడిగిందేంటో గుర్తుందా? "నీళ్ళలోకి ఎందుకు దిగింది?" అన్నావు. ఆస్పత్రి వరండాలో ఉన్నాను. కాళ్ళకి ఇసక. నోట్లోంచి అదంతట అదే వచ్చేసింది: "వద్దన్నా వినలేదన్నయ్యా." ఒకసారి అన్నాక ఇక అదే నిజమైపోయింది. కాగితాల మీద సంతకాలు పెట్టాను, పెట్టెలో ఆమెని తీసుకుని విమానమెక్కాను, అందరికీ అదే చెప్పాను. నాలుగు నెలలు. షాపుకి వెళ్తున్నాను, అద్దాలు అరగదీస్తున్నాను, తింటున్నాను. ఏడుపు రాదు. పంటికి మత్తిచ్చాక బుగ్గ ఎవరిదో అనిపిస్తుంది చూడు, అలా ఉంది ఒళ్ళంతా.

కూర్చో అన్నయ్యా. ఇంకొకటుంది.

నేను మర్చిపోయాననుకుంటున్నావా? ఆ మోతలో వదిన కనబడలేదనుకుంటున్నావా?

కనబడింది. ఆరింటికి సరిగ్గా మంచె కింద నిలబడి ఉంది, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఈ గదికీ వీధి గుమ్మానికీ ఉన్నంత దూరం, అంతే. నా వైపే చూస్తోంది, జనంలో నన్ను పోల్చుకోలేక. ఒక్క చెయ్యెత్తితే చాలు. నేను ఒక పొడుగాటి మనిషి వెనక్కి జరిగాను. వెతకనీ అనుకున్నాను. ఒక్కసారైనా నన్నెవరూ లెక్కపెట్టకుండా ఉండాలనుకున్నాను.

మళ్ళీ చూసేసరికి మంచె కింద లేదు. హమ్మయ్య అనుకున్నాను.

అదీ సంగతి. సాయంత్రం పిల్లకి నేనే చెప్తాను, నువ్వు నోరు విప్పకు. వాళ్ళమ్మ మాట వినని మనిషి కాదని దానికి తెలియాలి. ఆ తర్వాత ఈ ఇంట్లో ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను. నువ్వు ఏదన్నా ఈ మొద్దుబారిన ఒంటికి తగలదు. ఆ వెసులుబాటు కూడా నాకే ఎందుకిచ్చాడో దేవుడు.