తిప్పక్క ఒడిలో నీళ్ళకుండ

తిప్పక్కని ఒకామె ఉండేదంట. ముసలామె, బక్కమనిషి, అయినా ఉలి చేతికొస్తే రాయి ఆమె చెప్పినమాట వినాల్సిందే. వాళ్ళ కులమోళ్ళు రోళ్ళకూ విసుర్రాళ్ళకూ కక్కు కొట్టేవాళ్ళు. మీలో శానామందికి తెలీదులే, ఇప్పుడు స్విచ్చి వేస్తే మిక్సీ గుర్రుమంటాది. అప్పుడట్ల కాదు. రాగులు విసిరీ విసిరీ రాయి నున్నగా అరిగిపోతే ఇంగ పిండి రాదు, ఊరికే తిరుగుతాది. అప్పుడు ఈళ్ళొచ్చి ఇంటి ముందర కూచోని ఉలితో టక్కుటక్కుమని గంట్లు పెట్టిపోతారు. ఊరూరూ తిరగల్ల కదా, అందుకని వాళ్ళకు ఇల్లంటే బండే. గూడుబండి. పైన ఎదురుతట్టి గూడు, లోపల బొంతలు, కింద వలలో కుండలు, చట్లు. ఆ బండిలోనే పుట్టల్ల, ఆ బండిలోనే కాపురం పెట్టల్ల, ఆఖరికి ఆ బండిలోనే కన్ను మూయల్ల. అట్ల బతికినారు వాళ్ళు.

తిప్పక్క బండి సంగతి చెప్పల్ల మీకు. దాన్ని ఆమె మొగుడు గాదిలింగప్ప పెండ్లికి ముందు చేయించినాడంట. చేయించినాడనేదేమి, వడ్రంగి పక్కన కూచోని సగం తానే చేసుకున్నాడు. పెండ్లయినంక తిప్పక్క కుడికాలు పెట్టింది గడపలోకి కాదు, ఆ గూట్లోకి. ఎనక పక్క కూచోని చూస్తాంటే అమ్మా నాయనా చిన్నగయిపోతా ఉండారంట, ఏడుపొచ్చేసిందంట పాపం. గాదిలింగప్ప ముందర ఎద్దులు తోలుకుంటా, ఎనక్కి తిరక్కుండానే, "ముందరికొచ్చి కూచో. ఈడనుంచి చూస్తే ఊర్లు పెద్దగయితా వస్తాయి" అన్నాడంట. అంతే, ఆ మాటతో మనసిచ్చేసిందామె. ఆ బండి పక్కపలక మీద, కొడుకు సుంకన్నకు పండ్లొచ్చేటప్పుడు కొరికిన గాట్లు ఉండాయి. గూటి నడిమధ్య బుడ్డిదీపం పొగకు నల్లబడిన మచ్చ ఉండాది. ఆయన పోయి శానాకాలమయినా, ఆయన ఉలిసంచి తగిలించిన మేకుకు ఆ సంచి అట్లనే ఏలాడతా ఉండాది. బండి కదిలితే ఆ ఉలులు గలగలమంటాయి, అది వింటే ఆమెకు ఆయన దగ్గినట్టే ఉంటాదంట.

ఏమైందంటే, ఒకసారి వానలకు ముందర వంక దాటతాంటే ఇరుసు ఫట్టుమనింది. సుంకన్న కిందికి దూరి చూసినాడు. ఇరుసొకటే అయితే మార్చుకోవచ్చప్పా, అడుగంతా చెదలు తినేసింది, వేలు పెట్టి పొడిస్తే వేలు లోపలికి పోతాంది. ఎట్లనో ఈడ్చుకొచ్చి ఒక ఊరిబయట, కళ్ళం పక్కన, రాళ్ళమీద ఎత్తి నిలబెట్టినారు. సుంకన్న పెండ్లాం వన్నూరమ్మ చూస్తే నిండు చూలాలు, నెలలు నిండినాయి. పైన మోడం కమ్ముకోని ఉండాది. వాళ్ళలో బిడ్డ నేలమీద పుట్టగూడదంట. బండిలోనే పుట్టల్ల, లేకపోతే ఆ బిడ్డకు తిరిగే కాలు రాదని వాళ్ళ నమ్మకం. కూలిపోయే బండిలో కానుపు ఎట్ల చేస్తారు? అందుకని ఇంకో బండి కొనల్ల, అదీ కానుపుకు ముందే కొనల్ల.

కొనల్లంటే యాడ కొనల్ల? కొత్తదా, పాతదా? సుంకన్నకేమో కొత్తబండి మీద మనసు. వడ్రంగుల పల్లెకు పోయి కాళాచారి దగ్గర కొందాం, ఆయన చేత్తో చేసిందయితే నా బిడ్డ గూడ అందులోనే కాపురం చేస్తాది అంటాడు. వాళ్ళ కులపెద్ద ఎర్రిస్వామి ఉండాడే, ఆయన అడ్డం పడినాడు. కొత్తబండికి ఏ రోగముండాదో ఎవరికి తెలుసురా, పాతదయితే దాని రోగం ముందే బయటపడి ఉంటాది, సంతకు పోదాం అన్నాడు. అట్లా ఇట్లా వాదులాడి, సరే రెండూ చూద్దాం అనుకున్నారు. యాడ కొన్నా, కొత్తదయినా పాతదయినా, ఆఖరిమాట మాత్రం కుండదే.

కుండదంటే ఏమనుకున్నారు? అది వాళ్ళ ఆచారం. బండి కొనేముందర, ఇంట్లో పెద్దామె ఒడిలో నిండుకుండ నీళ్ళు పెట్టుకోని ఆ గూట్లో కూచోవల్ల. ఎద్దుల్ని కట్టి రాళ్ళదోవలో కొంతదూరం పోయి, మల్ల తిప్పుకోని రావల్ల. నీళ్ళు ఒలికితే ఆ బండి మనది కాదు. బాలింతనీ, జరమొచ్చినోళ్ళనీ, పాలుతాగే బిడ్డనీ మోసే బండి కదా, కుదుపు తెలియకుండా పోవల్లని పెద్దోళ్ళు పెట్టినారు. ఇంకొక ఆచారం గూడ ఉండాది, అది మర్చిపోవద్దు మీరు, కథంతా దాని మీదే ఉండాది. కొత్తబండి వచ్చిన దినం పాతబండిని అమ్మకూడదు, దోవలో వదిలేయకూడదు. కొట్టి పొయ్యిలో పెట్టి, ఆ మంటమీదే కొత్తబండి ముందర మొదటి వంట చేసుకోవల్ల. మనిషిని సాగనంపినట్టు సాగనంపల్ల. ఈ మాట ఎవరూ నోరు తెరిచి అనలేదు. కానీ తిప్పక్క మాత్రం ఆ పొద్దంతా ఆ పక్కపలకనే నిమురుతా కూచుండిందంట.

పోయినారు వడ్రంగుల పల్లెకు. కాళాచారి బండి చూపించినాడు. చూసేదానికి రెండు కండ్లు చాలవు అనుకో, చక్రం చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతాంది. కుండ నింపుకోని తిప్పక్క ఎక్కింది, సుంకన్న తోలినాడు, ఎర్రిస్వామి సాక్షిగా ముందర ఎద్దుల పక్కన నడిచినాడు. తిరిగొచ్చి చూస్తే కుండలో సగం నీళ్ళు లేవు. కాళాచారి తాను చేసిన చక్రం పక్కనే గొంతుకూచోని, ఒక్కొక్క ఆకునూ తట్టి తట్టి చూసుకుంటా ఉండిపోయినాడు, యాడ తప్పు చేస్తినబ్బా అని. తిప్పక్క ఆయన మొగం చూడలేక తల దించుకోని వచ్చేసింది.

మల్ల సంతకు పోయినారు. ఆడ ఒక దళారి బండి చూపించినాడు, పాతదేగాని ఎర్రరంగు, నీలంరంగు, నొగలకు ఇత్తడి పూలు, అబ్బో, పెండ్లికొడుకు మాదిరి ఉండాది. ఎర్రిస్వామికి తెగ నచ్చింది. తిప్పక్క ఎక్కింది, పోయింది, వచ్చింది. మల్ల సగం నీళ్ళు లేవు. అప్పుడే ఎవరో రైతు ఆ బండిని కొని తోలుకోని సంత దాటీదాటకనే, చక్రం విరిగి నడిదోవలో కూలబడింది. రంగు కింద అంతా పగుళ్ళేనంట. జనమంతా ముక్కున వేలేసుకున్నారు, కుండ చూడు ఎంత నిజం చెప్పిందో అని. ఎర్రిస్వామి అయితే తిప్పక్క కాళ్ళు మొక్కినంత పని చేసినాడు. ఆమెకేమో లోపల కుమిలిపోతాంది. ఎందుకనేది మీకు అర్థమయ్యే ఉంటాది కదప్పా.

అర్థమయింది ఇంకొకామెకు గూడ. కోడలు వన్నూరమ్మకు. ఆమె రెండు మార్లూ పాతబండి దగ్గరనే ఉండిపోయింది, నడవలేక. అత్త తిరిగొచ్చినప్పుడు కాళ్ళకు నీళ్ళిచ్చేది ఆమే కదా, చూసింది. ఆ సాయంత్రం సుంకన్న ఎద్దులకు మేత తేవడానికి పోయినప్పుడు, ఆమె మెల్లగా అత్త పక్కన కూచోని అనిందంట.

"కుదుపుకు ఒలికితే నీ ఒడి తడవల్ల అత్తా. రెండు మార్లూ నీ ఒడి పొడిగా ఉండాది. కొంగు చివర మాత్రమే తడిసింది."

తిప్పక్క తడిసిన కొంగు చివర పిండుకునింది. తర్వాత, ఔ, ఎనకనుంచి నేనే వంచి పోసినా అనింది. ఏం చేయమంటావే, బండి వస్తే దీన్ని పొయ్యిలో పెడతారు. ఈ గూట్లో మీ మామ నవ్వింది ఉండాది, ఆయన ఆఖరిసారి నన్ను పిలిచింది ఉండాది. ఇది కాలిపోతే ఆయన్ను యాడ చూసుకోవల్ల నేను అని ఏడ్చేసిందంట. వన్నూరమ్మ ఆమె చెయ్యి పట్టుకునింది. తప్పు పట్టలేదు, దెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"నేను యాడ కనల్ల అత్తా?"



తెల్లారినంక సుంకన్న పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఆ ఊర్లోనే బసప్ప అనే రైతు గాటిపాట్లో, ఎద్దుల్ని కట్టేసే కొట్టంలో, ఒక గూడుబండి పడుండాదంట. పోయి చూస్తే ఏముండాది? కోళ్ళు కాపురం చేస్తాండాయి అందులో. తట్టికి చిల్లులు, చక్రం ఒకటి ఈ పక్కకు ఒకటి ఆ పక్కకు చూస్తాంది, తోస్తే కీచుమంటాది. మూడిట్లో నాసిది అదే. కోళ్ళను తరిమి, చిమ్మి, ఎద్దుల్ని కట్టినారు. తిప్పక్క కుండతో ఎక్కింది. అంతలో వన్నూరమ్మ, నేను గూడ ఎక్కుతా అనింది. ఆచారం కాదని ఎర్రిస్వామి గొణిగినాడుగాని, ఆమె వినకుండా ఎక్కి కూచునింది. తెల్లారినప్పట్నించీ నొప్పులొస్తాండాయి ఆమెకు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే అందరూ మల్ల ఆ చెదలుబండిలోకే ఎక్కిస్తారని.

బండి కదిలింది. ఏం బండి అది, ఒక్కొక్క రాయికీ ఎగిరి పడతాంది. తిప్పక్క ఈసారి వంచే పనే లేదు, ఊరికే పట్టుకోనుంటే చాలు, నీళ్ళు తామే ఒలికిపోతాయి. అట్ల కూచోనుండగా కోడలు ఆమె మోకాలు గట్టిగా పట్టుకునింది. మొగం చూస్తే చెమటలు. అప్పుడు తెలిసింది ముసలామెకు. కొడుకును కేకేసి, చింతమాను కింద ఆపు, నువ్వు దిగి దూరంగా పో అనింది. ఎర్రిస్వామిని గూడ పొమ్మనింది. ఇంగ ఆ గూట్లో అత్తా కోడళ్ళిద్దరే. నోరెండిపోతాందంటే ఆ కుండలో నీళ్ళే తాపింది. మొగం తుడిచింది ఆ నీళ్ళతోనే. ఆఖరికి ఆడబిడ్డ పుట్టింది. మిగిలిన నీళ్ళన్నీ ఆ బిడ్డకే పోసింది, తన కొంగు చింపి చుట్టింది. చుట్టి, ఇంగ ఎద్దుల్ని కట్టు, మెల్లగా తోలు అని కొడుక్కు చెప్పింది.

తిరిగొచ్చినారు. బిడ్డ ఏడుపు విని ఊరంతా మూగింది. అయినా ఆచారం ఆచారమే కదా, ఎర్రిస్వామి కుండలో చెయ్యి పెట్టినాడు. చుక్కనీళ్ళు లేవు. ఆయన మొగం వాడిపోయింది. సుంకన్న చక్రానికి ఆనుకోని చతికిలపడినాడు, ఇంగ ఈ బండి గూడ పాయె అనుకోని. ఎర్రిస్వామి అడగలేక అడిగినాడంట, తిప్పక్కా, నీళ్ళు ఒలికినాయా అని.

"ఒలకలేదు. కోడలు తాగింది, బిడ్డ పోసుకునింది" అనిందామె. అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఒలికింది ముందర రెండు బండ్లల్లో. అది గూడ కుదుపుకు కాదు, నేను పోసింది."

అందరి ముందరే చెప్పేసింది. ఎర్రిస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కొంతసేపటికి తలెత్తి, బిడ్డకు పోసిన నీళ్ళను ఒలికిన నీళ్ళని ఎవరంటారు, ఈ బండి మనదే అన్నాడు. బసప్ప మాత్రం, మరి నా కోళ్ళను యాడ పెట్టల్లప్పా అని గొణిగినాడంటలే, ఆయన బాధ ఆయనది.

ఆ మధ్యాన్నమే పాతబండిని కొట్టినారు. కొట్టినారంటే, గొడ్డలి ఎత్తడానికి సుంకన్నకు చేతులు రాలేదు. తిప్పక్కే పోయి, మేకుకున్న ఉలిసంచి తీసి మెడలో ఏసుకోని, పండ్లగాట్లుండే ఆ పక్కపలకను తన చేత్తో ఊడబెరికింది. అది ఒక్కటీ ఉంచుకో అత్తా అనిందంట వన్నూరమ్మ లోపలనుంచి. వద్దులే అనిందామె, పచ్చిబాలింతవు, నీకు నీళ్ళు కాగల్ల. పొయ్యిలో పెట్టింది. పాత తుమ్మకట్టె, బాగా మండింది. ఆ మంటను చూస్తా ఏడ్చింది, ఏడుస్తానే ఇంకో కట్టె ఎగదోసింది. ఆ నీళ్ళతోనే మనమరాలికి మల్లొకసారి పోసింది, ఈసారి ఎచ్చగా.

ఎద్దుల్ని కట్టి బయల్దేరేటప్పుడు, తిప్పక్క అలవాటుగా ఎనక పక్క కూచునింది. ఎనక బూడిద కుప్ప చిన్నగయితా ఉండాది. కొంచేపు చూసింది. తర్వాత బిడ్డనెత్తుకోని మెల్లగా ముందరికొచ్చి కొడుకు పక్కన కూచునింది. "ఈడనుంచి చూడు పాపా, ఊర్లు పెద్దగయితా వస్తాయి" అనింది. సంచిలో ఉలులు గలగలమన్నాయి.

మొదట పోయింది కాళాచారి ఇంటికే. ఆయన ఇంట్లో రోలుకూ విసుర్రాయికీ ఏమీ తీసుకోకుండా కక్కు కొట్టి, నీ బండిలో తప్పు లేదయ్యా, నాదే తప్పు అని చెప్పుకునింది. ఆయన శానాసేపు ఆ కోళ్ళబండి చుట్టూ తిరిగి, ఇట్లాంటి దానికా నా బండిని కాదన్నావు అని నవ్వి, చక్రాలు మార్చిచ్చినాడంట. మంచోడు.

అప్పట్నించీ వాళ్ళలో ఆచారం మారింది. కుండ పట్టేది పెద్దామె కాదు, కోడలు. అత్తలు ఒప్పుకున్నారా అంటారా? ఒప్పుకున్నారు, పక్కనే కూచోని, కోడలి ఒడి తడిసిందా లేదా అని తడిమి తడిమి చూస్తారంట. అయినా ఇప్పుడు ఆ బండ్లు యాడుండాయి, ఆ రోళ్ళు యాడుండాయి. మొన్న పెద్దరోడ్డు మీద నేను నిలబడుకోనుంటే ఇల్లు మాదిరి బస్సొకటి పోయింది, కిటికీలకు పరదాలు, లోపల పొయ్యి, పరుపు అన్నీ ఉండాయంట, ఊర్లు తిరిగేదానికి ఎవరో దొరలు కొనుక్కున్నారంట. కొత్తది కొన్నారో, పాతది కొన్నారో. ఇంట్లో ఆడమనిషి ఒడిలో కుండ పెట్టి చూసినారో లేదో, అడుగుదామంటే ఆపకుండా ఎలబారిపోయినారు.