కర్టెన్ గౌను

పాతబట్టల కొట్లో ఓ బుట్టచేతుల గౌను దొరికింది. కూతురు దాన్ని ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకుంటోంది. తల్లి దాని అంచు తిరగేసింది.

“ఆఫీసులో పాత ఫ్యాషన్ల పార్టీకి ఇదే కావాలమ్మా! ఇంత ముద్దుగా ఇప్పుడెవరు కుడుతున్నారు?”

“ఇది నేను కుట్టిందేనే. మన హాల్లో కర్టెన్‌తో.”

“ఏంటీ?”

“స్కూల్లో డాన్సుకని తీసుకెళ్లి, బస్సులో పోయిందన్నావే, అదే.”

“పోలేదమ్మా. కవరైనా విప్పకుండా స్కూలు గేటు దగ్గర పాతబట్టలు దానం వేసే పెట్టెలో పడేశాను. కర్టెన్ కట్టుకొచ్చావని నవ్వుతారని.”

“పాపం, ఆ కండక్టర్ని నోటికొచ్చినట్టు తిట్టానే!”

“ఇంక పదమ్మా, పోదాం.”

“ఎక్కడికి? తొడుక్కుని చూడు.”

“అప్పటిది ఇప్పుడు నాకేం పడుతుంది?”

“కుట్లు విప్పితే పడుతుంది. నువ్వు పెరుగుతావని లోపల గుడ్డ వదిలాను.”