ఎడం మూల ముడి

లేవకు. కూర్చో. చేతులు వెనక్కి కట్టుకుని అలా నిలబడతావేంటి, నేనేమన్నా తనిఖీకొచ్చిన జైలరునా? నీ పెళ్ళాన్ని. కుర్చీ అల్లించుకోవడానికి వచ్చాను. గిరాకీనే అనుకో.

ఎలా కనిపెట్టానా అని కదా ఆ చూపు? మీ అమ్మ చెప్పిందనుకుంటున్నావేమో. ఆవిడ నోరు విప్పితేగా! నా పక్కనే కూర్చుని తింటూ, నేను నీ గురించి బెంగపెట్టుకుంటుంటే, "వాడు చల్లగానే ఉంటాడులేవే" అంది మహాతల్లి. ఉంటావు మరి. ఊళ్ళోనే ఉన్నావుగా.

నీ కుర్చీయే చెప్పింది. పిల్లకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బయట పేము కుర్చీలో కూర్చుని ఊరికే చెయ్యి కిందికి పోనిచ్చాను. ఎడం మూల బుడిపె తగిలింది. ఆ మూలకొచ్చేసరికి నీ వంకరవేలు తిరగదు, పైనుంచి పోవాల్సిన పేము బద్దని కిందనుంచి లాగి ముడేస్తావు. బట్టలు పట్టి చిరుగుతున్నాయని ఎన్నిసార్లు దెబ్బలాడాను! ఇంకెవడూ చెయ్యని తప్పు అది.

ఎంత పొంగిపోయానో తెలుసా? జైల్లో అల్లిన కుర్చీ ఇక్కడిదాకా వచ్చిందనుకున్నా. పిల్ల చెయ్యి పట్టుకుని ఆ బుడిపె మీద పెట్టి, మీ నాన్న చేసిందేనే అని చెవిలో చెప్పా. ఒళ్ళు కాలిపోతున్నా నవ్వింది పిచ్చిది. అప్పుడన్నాడు ఆ కాంపౌండరు, "బాగుందా అమ్మా? బస్టాండు వెనక కొత్తగా ఒకాయన దిగాడు, మొన్ననే అల్లించాం. మాటా పలుకూ లేదుగానీ పనిమంతుడు" అని.

పిల్ల విన్నది. అదీ నా బాధ. నేనొక్కదాన్నే వినుంటే మింగేసేదాన్ని.

"ములాఖత్‌లు ఆపేశారు, కబురుపెట్టేదాకా రావద్దు" అన్నావు కదా, పోయినసారి జైల్లో కలిసినప్పుడు ఇనప జాలీ అవతల్నుంచి? నమ్మాను. ఎందుకు నమ్మనూ? ఆ గోదాము తాళం పగలగొట్టింది నువ్వేనా కాదా అని కూడా ఏనాడూ అడగనిదాన్ని. ఇస్త్రీ కొట్టు యజమాని కాళ్ళావేళ్ళా పడి సెలవు తెచ్చుకుని, ఆ గేటు ముందు ఎండలో నిలబడేదాన్ని. లోపలికొస్తే పక్కవాళ్ళ అరుపుల్లో నీ మాట సగం వినపడేది కాదు. ఆ సగం మాటలే దారంతా నెమరేసుకుంటూ ఇంటికెళ్ళేదాన్ని. నిన్ను వదిలే రోజు గేటు దగ్గర నేనే ఉండాలని ఎంత ఆశపడ్డానో. దానికి మీ అమ్మని పిలిచావు.

ఇప్పుడు మధ్యలో జాలీ లేదుగా. మాట్లాడు.

ఆ బద్దలు తర్వాత సర్దుకుందువుగాని, ఇటు చూడు.

ఇంకో ఆడదుందేమోనని కూడా అనుకున్నా, దాపరికమెందుకు. ఉన్నా బాగుండేది, జుట్టు పట్టుకుని దెబ్బలాడేదాన్ని. ఎవరున్నారిక్కడ? మూలన పలకలా మడిచిన దుప్పటి, దాని మీద బోర్లించిన కంచం. తలుపు మూసుకోకుండా ఇటుక. పడుకునేటప్పుడు కూడా తీసే ఉంచుతావా?

మీ అమ్మని నిలదీస్తే అదే అంది. "తలుపేస్తే వాడికి ఊపిరాడటం లేదే, మీ మధ్యకొచ్చి ఎలా పడుకుంటాడు" అని. ఆ ముక్క నాకు చెబితే తలుపు ఊడబెరికి పొయ్యిలో పెట్టేదాన్ని కాదూ? మీ అమ్మకి చెప్పగలిగింది నాకెందుకు చెప్పలేకపోయావు? అంత పరాయిదాన్నెప్పుడయ్యాను నేను?

నీకోసం కళ్ళు కాయలు కాసేలా చూశాం మేము. వీధిలో ఎవరైనా నవ్వితే మమ్మల్ని చూసే అనుకుని తలొంచుకుని నడిచాం. నువ్వు లోపలుంటే మేమేదో బయటున్నామనుకున్నావు.

పిల్లని రమ్మన్నా. రానంది. "నాన్న జైల్లో ఉన్నప్పుడే నయం" అంది. "అప్పుడు వాళ్ళు పంపట్లేదు అనుకునేదాన్నిగా" అంది. ఏం జవాబు చెప్పను దానికి? నువ్వు చెప్పు.

ఏడవకు. బద్దలు నానబెట్టడానికి బకెట్టులో నీళ్ళున్నాయిగా.

ఇదిగో, ఇంట్లో నీ కుర్చీ. నువ్వెళ్ళినప్పట్నుంచీ ఎవర్నీ కూర్చోనివ్వలేదు, మీ అమ్మని కూడా. అయినా ఎలా తెగిపోయిందో చూడు. ఎవరూ కూర్చోకపోయినా పేము ఎండి తెగుతుందని నాకేం తెలుసు?

అల్లి పెట్టు. ఇకమీదట దీన్లో పిల్ల కూర్చుంటుంది. ఆ ఎడం మూల మాత్రం ఈసారి సరిగ్గా లాగు. చెయ్యి పెడితే ఎవరు అల్లారో తెలియకూడదు దానికి.

ఎప్పుడు రమ్మంటావో చెప్పు. చెప్పిన రోజుకొచ్చి బయట నిలబడటం నాకు కొత్తేం కాదు.