అద్దం అక్కర్లేని వెల్డరు

"మూణ్ణెల్ల ట్రైనింగు దండగండక్కా. ఆ ఫీజేదో నాకిచ్చెయ్యండి, సర్టిఫికెట్టు నేను తెప్పిస్తాను" అన్నాడు అప్పలరాజు. వారం నుంచీ ఇదే మాట.

"ఇవ్వను" అన్నాను. నాదీ వారం నుంచీ ఇదే మాట.

మా ఆయన పోయేక కొత్తపేటలో ఈ టీకొట్టు పెట్టుకున్నాను. మా అమ్మాయి రేవతి వెల్డింగు నేర్చుకుంటానంది. ఫీజు కట్టడానికి ఆ రోజే ఆఖరు. రావులపాలెం బస్సు వచ్చే వేళైంది, ఇదేమో డబ్బు గుప్పెట్లో పెట్టుకుని అతని మాటలు వింటా బల్ల మీంచి లేవట్లేదు.

"నన్ను చూడమ్మాయ్. దుబాయెళ్ళిన కొత్తలో పైపు టెస్టు పెట్టేరు. పైపుని ఏటవాలుగా బిగించేస్తారు, అది కదలకూడదు, చుట్టూ మనమే తిరుగుతా అంటించాలి. మిగతావోళ్ళకి పూటంతా పట్టింది. నేను టీ చల్లారేలోపు ముగించేసేను."

"ఆయ్" అన్నారు గేట్లు చేసే రాఘవులు గారు, టీ ఊదుకుంటా.

"ఎక్స్‌రే తీసేరండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అతుకెక్కడుందో కనపళ్ళేదు! ఇది అంటించిన పైపా, పుట్టుకతోనే ఒకటా అని ఇంజినీర్లు కొట్టుకున్నారు. మర్నాడే నడిసముద్రంలో ఓడ రెండుగా చీలిపోయిందని నాకోసం హెలికాప్టరు పంపేరు. దూకేసేను. నీళ్ళకింద ఓ చేత్తో ఓడ ముక్కలు దగ్గరకి లాగిపట్టి రెండో చేత్తో అంటిస్తన్నాను, ఇంతలో రాడ్లైపోయేయి. అప్పుడేం చేసేనో తెలుసా? పక్కనించి పోతన్న సొరచేప పన్ను పీకి హోల్డర్లో పెట్టేను!"

"అది ఊరుకుందాండి?" అన్నారు రాఘవులు గారు.

"ఆ వెలుక్కి కళ్ళు మూసేసుకుందండి పాపం. నేను మూస్తేనా! మొహానికి నల్లద్దం గిద్దం నాకక్కర్లేదు. ఉత్త కళ్ళతో మూడ్రోజులు..."

బస్సు హారను వినపడింది. రేవతి గుప్పెట విప్పి డబ్బు అతని వైపు చాపేసింది. అతను దోసిలి కూడా పట్టేసేడు.

"రాజూ" అన్నాను. "మొన్న రాఘవులు గారు షెడ్డులో గేటు అంటిస్తంటే ఉత్త కళ్ళతో చూసిందెవరు? కళ్ళల్లో ఇసక పోసినట్టుందని గోలపెడితే, చుక్కలేయడానికి పాలు మీ ఆవిడ పట్టుకెళ్ళింది నా కొట్లోంచే కదా? మూడ్రోజులంట! మూడు నిమిషాలు చూసేవు."

"రెండేనండి" అన్నారు రాఘవులు గారు.

రేవతి చెయ్యి వెనక్కి లాగేసుకుని బస్సుకి పరిగెట్టింది. ఎక్కేసేదాకా చూసేను.

అప్పలరాజు లేచి టీ డబ్బులు పన్నెండు బల్లమీద పెట్టేడు.

"ఆ పాలవి కూడా" అన్నాను.

మొత్తం ఇరవై ఏడు రూపాయలు ఇచ్చి వెళ్ళేడు.