పాత వాన

(అనంతపురంలో, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు బయ్యన్న గారి ఇంటి వసారా. జూలై నెల, వాన జాడ లేదు. ‘కీచురాయి’ అనే పిల్లల బొమ్మల మాసపత్రికకు సంపాదకుడూ, ఆయనకు ఒకప్పటి శిష్యుడూ అయిన శశికుమార్, బయ్యన్న గారు పిలిపించగా వచ్చి కూర్చున్నాడు. లోపల వంటింట్లో బయ్యన్న గారి భార్య రామసుబ్బమ్మ.)

“మంచినీళ్ళు తర్వాత తాగవచ్చు శశికుమార్. ముందు ఈ అట్ట చూసి ఇదేమిటో చెప్పు.”

“మన జూలై సంచిక సార్.”

“అట్ట మీద ఎవరు?”

“మన గంగులే గదా సార్. మీరు పుట్టించిన గొడుగు గంగులు.”

“గొడుగు ఏ స్థితిలో ఉన్నది?”

“తెరిచి ఉండాది సార్.”

“అనంతపురంలో వాన పడిందా?”

“యాడ సార్. మబ్బు పట్టేది, గాలి తోలేది, పోయేది.”

“మరి గంగులు గొడుగు ఎందుకు తెరిచాడు? ఈ పత్రిక పుట్టినప్పటి నుంచి మనకు ఉన్న నియమం ఒకటే. జూలై సంచిక అచ్చుకు వెళ్ళేలోగా ఈ ఊళ్ళో వాన పడితే అట్ట మీద గొడుగు తెరుచుకుంటుంది. పడకపోతే, మూసిన గొడుగు చేత పట్టుకుని గంగులు ఆకాశం వైపు చూస్తూ నిలబడతాడు. అవునా, కాదా?”

“అవును సార్. చిన్నప్పుడు పుస్తకం రాంగానే మేం చూసేది అదే. గొడుగు మూసుంటే గంగులును తిట్టేవాళ్ళం. ఒగసారి మా పెదనాయన పుస్తకం తీసుకపోయి ఎండలో పెట్టినాడు సార్, నువ్వు గూడా మాడు రా అని.”

“హాస్యానికి ఇది సమయం కాదు. ఇవాళ పొద్దున యాడికి ఊరి నుంచి బాలప్ప ఫోను చేశాడు. చిన్ననాటి నుంచి మన పాఠకుడు. ఇప్పుడు సేద్యం చేసుకుంటున్నాడు. ‘సార్, గంగులు గొడుగు తెరిచినాడే, మీ కాడ పడినాదా? శెనక్కాయ విత్తనం బయటికి తియ్యమంటారా?’ అని అడిగాడు. ఎగతాళికి అడిగాడో, నిజంగానే అడిగాడో నాకు అర్థం కాలేదు.”

“బాలప్పన్న అట్లే సార్. ఎగతాళే.”

“ఎగతాళి అయితే మరీ అవమానం. పోనీ, ఇది కొత్త బొమ్మా అంటే అదీ కాదు.”

“పాతదే సార్. మేం దాచిపెట్టలేదు. చూడండి, గంగులు కాళ్ళ కాడ, మూలన రాసినాం. ‘ఇది పాత వాన’ అని.”

“చీమ తలకాయంత అక్షరాలతో. కొత్త పుస్తకమని పిల్లవాడు ఆశపడి చేతికి తీసుకుంటే, నిన్నటి సంగటి తెచ్చి ముందు పెడతావా?”

“నిన్నటి సంగటి మజ్జిగలో కలుపుకుంటే బాగుంటాది గద సార్...”

“శశికుమార్!”

“తప్పయింది సార్. నేననేది ఏందంటే, ఇప్పటి పిల్లోళ్ళు ఈ బొమ్మను చూడనే లేదు. వాళ్ళకు ఇది కొత్తదే. వాళ్ళ నాయనలేమో అంగట్లో చూసి, అరే మన గంగులు రా అని కొనిస్తాండారు. ఇంత మంచి బొమ్మ పెట్టెలో పడుంటే ఎవురికి లాభం?”

“కొత్త అట్ట వేయించలేని పత్రిక మూతపడటం గౌరవం. పాత అట్ట మళ్ళీ వేయడమంటే, మా దగ్గర ఇక చెప్పడానికేమీ లేదని ఒప్పుకోవడం.”

“కొత్తది వేసియ్యండని మిమ్మల్నే గదా సార్ అడిగింది. మూడేండ్లుగా ఈ ఇంటి చుట్టూ తిరుగుతాండా. రేపంటారు, పండగ పోనీ అంటారు. గంగులు లేకుండా పిల్లులూ కోతులూ వేసుకుంటా నెట్టుకొచ్చినాం.”

“ఈమెకు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇల్లు కుదుటపడలేదని నీకు చెప్పాను.”

“చెప్పినారు సార్. అయితే అమ్మ కంటికీ మీ కుంచెకూ...”

“ఇంటి పనులుంటాయి. నీకు తెలియవు.”

“శశీ, ఎప్పుడొచ్చినావు నాయనా? ఇంద, మజ్జిగ తీసుకో.”

“ఆ చెయ్యి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఇంటికి వచ్చినవారికి కుడిచేత్తో ఇయ్యాలి.”

“ఏ చేత్తో ఇచ్చినా మజ్జిగే గదా. ఇంద శశీ, కుడిచేత్తోనే ఇస్తాండా. తొణికితే నన్ననొద్దు.”

“పర్లేదు లేమ్మా, ఇట్లియ్యి.”

“నువ్వు లోపలికి వెళ్ళు. మేము పత్రిక సంగతి మాట్లాడుకుంటున్నాము.”

“లోపల ఉక్క పోస్తాంది. ఈడ అరుగు మీద కూర్చుంటాలే. మీ మాటలు నాకెందుకు.”

“సార్, ఒకటి అడగనా? అన్ని అట్టల మీదా గంగులు గొడుగు కుడిచేత్తో పట్టుకుంటాడు. ఈ ఒక్కదాని మీదే ఎడమచేత్తో పట్టుకున్నాడు. పిల్లోళ్ళు జాబులు రాస్తాండారు, ఎందుకని.”

“అది... చిత్రలేఖనంలో సమతూకం అని ఒకటి ఉంటుంది. జల్లు కుడి పక్క నుంచి కొడుతున్నప్పుడు గొడుగు ఎడమ చేతికి మారుతుంది. తరగతిలో చెప్పే ఉంటాను.”

“ఆ పొద్దు వాన గట్టిగా పడినాదా సార్?”

“పడిందా అని అడుగుతున్నావా! చెరువులు నిండిన సంవత్సరం. ఇదే వసారాలో కూర్చుని వేశాను. జల్లు కాగితం మీదికి కొడుతుంటే తువ్వాలు అడ్డం కట్టుకుని...”

“తువ్వాలు గాదు. నా చీర.”

“నిన్ను అడగలేదు.”

“సరే. తువ్వాలే అనుకో.”

“ఆ బొమ్మకే నన్ను పెద్ద సభలో సన్మానించి శాలువా కప్పారు శశికుమార్. నీవు కూడా చప్పట్లు కొట్టావు.”

“కొట్టినా సార్. ముందు వరసలో నిలబడి కొట్టినా.”

“అందుకే అడుగుతున్నాను. మూలచిత్రం లోపల ఇనప్పెట్టెలో ఉండవలసినది. ఈ అట్ట పాత పుస్తకం చూసి తీసినది కాదు. రంగు అంత శుభ్రంగా దిగింది. అసలు బొమ్మ నీ చేతికి ఎలా చేరింది?”

“అడిగే తీసుకున్నాం సార్.”

“ఎవరిని? నన్ను అడగలేదే!”

“ఒప్పుకున్నాకనే...”

“ఎవరు ఒప్పుకున్నారు? నీకు పెన్సిలు పట్టుకోవడం నేర్పినవాణ్ణి నేను. సంపాదకుడి కుర్చీ ఖాళీ అయినప్పుడు నీ పేరు చెప్పినవాణ్ణి నేను. నా బొమ్మను, నా ఇంట్లో నుంచి, నాకు తెలియకుండా దాటించడానికి నీకు చేతులెట్లా వచ్చినాయి రా?”

“బొమ్మ ఎవురు వేసినారో వాళ్ళనే అడిగినాం సార్.”

“వేసింది నేను!”

“ఆ వారమంతా మీరు కర్నూలులో ట్రైనింగులో ఉండారు సార్. బస్టాండు దాకా మీ పెట్టె మోసింది నేనే. మూసిన గొడుగు బొమ్మ ముందే ఇచ్చిపోయినారు. మీరు పోయిన మరుసటి పొద్దు వాన దిగింది. మూసిన గొడుగు వేస్తే అబద్ధమైపోతాదని, అచ్చాఫీసుకు వానలోనే ఇంకో బొమ్మ వేసి పంపింది అమ్మ.”

“ఏమే. నువ్వు చెప్పినావా వీనికి?”

“నేనేం చెప్పలేదు. ఎడమచెయ్యి చూసి వాడే అడిగినాడు. అడిగినాక లేదని ఎట్లంటా?”

“ఇన్నేండ్లు కాపురం చేసి, ఈ వయసులో నా పరువు బజారుకీడ్చినావు. బయటివాడు చేస్తే ఓర్చుకుందును. నువ్వు చేసినావు. నేను ఊళ్ళో లేనప్పుడు గీసిన ఒక్క బొమ్మ. ఒక్కటంటే ఒక్కటి. దానికి ఇంత మోసమా?”

“పిలిపించి కూర్చోబెట్టింది నేను గాదు గదా.”

“శశికుమార్, లోపలి పేజీలో ముఖచిత్రం ఎవరిదని వేశావు?”

“రామసుబ్బమ్మ గారని సార్. మీరు చూసే పిలిపించినారని అనుకున్నా.”

“నేను అట్ట తిప్పలేదు. వచ్చే నెల సవరణ వెయ్యి. పేరు పొరపాటున పడిందని వెయ్యి.”

“వెయ్యలేను సార్.”

“వెయ్యలేవు?”

“మీ కాడ నేర్చుకున్నోణ్ణి సార్, ఆ మాట రాయలేను. పేరు సరిచెయ్యాలనే గదా ఈ పాత అట్టను మళ్ళీ వేసింది. ఒక్కదానికి అమ్మ పేరు పెట్టినంత మాత్రాన మీకేం తక్కువైతాది సార్? తక్కిన గంగులు బొమ్మలన్నీ మీ చేతివే గదా. వాటిని చూసే గదా నేను బొమ్మలకు దిగింది. మీ చెయ్యి అంటే మాకు దేవుని చెయ్యి సార్.”

“తక్కినవి... అవును. గంగులు నా ఊహ. నియమం నాది. గొడుగు నాది.”

“ఊహ గాదు సార్, చెయ్యి. చెయ్యి మీదే గదా?”

“నియమం నాది అన్నాను కదా!”

“అట్లంటారేంది సార్... అమ్మా, నువ్వన్నా చెప్పు. తక్కిన అట్టల మీదంతా గంగులుది కుడిచెయ్యే గదా?”

“అవన్నీ మీ సార్ ఇంట్లో ఉండంగా నేను వేసినవి నాయనా. వేసినంతసేపూ నా పక్కనే నిలబడుకొని, ‘ఆ చెయ్యి కాదు, ఆ చెయ్యి కాదు’ అంటానే ఉండె.”