ఘర్షణ ఎటువైపు?

కోడూరు వెళ్ళే దారిలో, గట్టు జారి బురదలో కూరుకుపోయిన కారు. స్టీరింగ్ ముందు గిరిధర్. పక్కనే ట్రాక్టరు ఆపి కిందికి దిగింది కనకమహాలక్ష్మి.

“ఇంకాస్త తొక్కండి సారూ! టైర్లు సగమే మునిగాయి. మిగతా సగం ఎందుకు మిగల్చడం?”

“వెటకారం తర్వాత చేద్దురుగానీ, కాస్త సాయం చేస్తారా? పావుగంట నుంచి తొక్కుతూనే ఉన్నాను. ఇంజన్‌లో పవర్‌కేం లోటు లేదండీ.”

“లేదు లేదు. పవరంతా నా మొహం మీదే పడింది, బురదతో సహా.”

“అయ్యో, సారీ అండీ. చూసుకోలేదు.”

“ఏం చేస్తుంటారు తమరు?”

“బందరులో... జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను.”

“ఓహో! బళ్ళు ఎలా కదుల్తాయో చెప్పే చదువేగా అది?”

“అదే.”

“బాగా చెప్తారనుకుంటా.”

“ముందు తాడు కట్టండమ్మా!”

“కడుతున్నానండీ. తాడొకటే చాలదు. ఆ ముందు టైర్ల కింద ఈ ఎండుగడ్డి కుక్కండి. టైరు నేలని వెనక్కి తన్నాలి, నేల టైరుని ముందుకి నెట్టాలి. ఇక్కడ నేలేదీ? అంతా జారుడే. పట్టు లేనప్పుడు ఎంత తిరిగినా ఒట్టి తిరుగుడే... ఏవండీ, ఏంటలా చూస్తున్నారు?”

“మళ్ళీ చెప్పండి.”

“గడ్డి కుక్కమన్నాను.”

“అది కాదు. నేల టైరుని ఎటు నెడుతుందన్నారు?”

“ముందుకి. వెనక్కి నెడితే మేం పొలానికెళ్ళేదెలా? ట్రాక్టరు నెత్తిన పెట్టుకునా?”

“సరిగ్గా ఇదే మాట... మా క్లాసులో ఒకమ్మాయి అంది. ఘర్షణ ఎప్పుడూ బండికి ఎదురే పనిచేస్తుందని నేను బోర్డు మీద రాశాను. ‘ట్రాక్టరు టైరుకి ముందుకే కద సార్’ అంది.”

“మీరేమన్నారు?”

“ఏదో అన్నాలెండి.”

“ఏదో అంటే?”

“‘పుస్తకాలు రాసినవాళ్ళకి తెలీదు, ట్రాక్టర్లు తోలేవాళ్ళకే తెలుసు కాబోలు’ అన్నాను. క్లాసంతా నవ్వింది.”

“మంచి హాస్యమేనండీ. ఆ పిల్ల కూడా నవ్విందా?”

“మర్నాటి నుంచి రాలేదు. పది రోజులైంది. తర్వాత పుస్తకం తీసి చూశాను. అందులోనూ తనన్నట్టే ఉంది. ఇరవయ్యేళ్ళుగా సరిగ్గా చదవనిది నేనే! ఆ మాట తనకే చెప్పి, మళ్ళీ కాలేజీకి రమ్మని అడుగుదామని వాళ్ళింటికి బయల్దేరాను.”

“ఎవరింటికి?”

“హర్షిణి అని... నాన్నగారు లేరట, వ్యవసాయమంతా వాళ్ళమ్మగారే చూసుకుంటారట. ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనిస్తారో లేదో... ఏవండీ? తాడు వదిలేశారేంటి?”

“ఆ గుమ్మం మాదే.”

“అమ్మా! మీరేమన్నా పడతాను. తప్పు నాదే. నా మాటకే మీ అమ్మాయి చదువు మానేసింది.”

“మీ మాటకి కాదు సారూ. ‘నవ్వితే నవ్వారులే, రేపు మళ్ళీ అడుగుతా’ అంటూనే ఇంటికొచ్చింది. ‘సారుకే ఎదురు చెప్తావా? ఆయనకి తెలీనిది నీకు తెలుసా?’ అని, అదేం మాటో కూడా వినకుండా కొట్టి, కాలేజీ మాన్పించింది... నేను.”