ముదురు ఎరుపు గడి

సత్తెనపల్లి దగ్గర ఒక కారం మిల్లులో ఖర్చుల లెక్కలు చూసే సిద్దికా, వారం కిందట అదే మిల్లులో పని పోయిన మిషన్ ఆపరేటర్ ఏసోబు ఇంటి గుమ్మంలో నిలబడింది.

“లోపలికి రండి మేడమ్.”

“వద్దండీ, ఇక్కడే చెప్తాను. మీ పని పోయింది నా వల్లే.”

“తెలుసు. కంప్యూటర్లో నా పేరు ఎర్రగా వచ్చిందంటగా.”

“ఏది పెరిగినప్పుడు ఏది పెరుగుతుందో రంగుల్లో చూపే పట్టికండీ అది. మీ షిఫ్టూ కరెంటు ఖర్చూ కలిసే గడి ముదురు ఎరుపు వచ్చింది, అంటే రెండూ కలిసే పెరుగుతున్నాయని. మీ వల్లే ఖర్చవుతోందని మీటింగులో చెప్పేశాను.”

“ఖర్చు పెరిగిన రోజుల్లో నేను ఏ మిరపకాయ ఆడించానో చూశారా?”

“నిన్న చూశాను. అంతా చెమ్మ ఆరని కాయే.”

“చెమ్మ కాయ మిషన్లో ముద్ద కడుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇంకెవరికీ చేతకాదని ఆ రోజుల్లో నన్నే పిలిచేవాళ్లు.”

“ఆఫీసులోంచి కిందికొచ్చి ఒక్కమాట అడిగితే తెలిసేది. రెండేళ్లలో మిషన్ దగ్గరికే రాలేదు నేను. మీకు మొహం చూపించాలంటే సిగ్గుగా ఉందండీ.”

“పని పాడుచేశావా నాన్నా అని మా అమ్మాయి అడిగింది.”

సిద్దికా తల దించుకుంది.

“మేనేజరు గారికి మెయిల్ పెట్టాను. మళ్లీ తీసుకుంటామన్నారు.”

“మెయిల్ ఎవరు చూస్తారమ్మా? నలుగురిలో నా పేరు చెప్పారు. తప్పు మీదని కూడా ఆ నలుగురిలోనే చెప్పండి.”

“రేపే చెప్తాను. మీరూ రండి.”

“నేను రాను. నేను లేనప్పుడే కదా అన్నారు. ఇదీ నేను లేనప్పుడే చెప్పండి.”

“చెప్తానండీ,” అంది సిద్దికా, తలెత్తకుండానే.